సిలోన్ కాఫీని తిన్న తుప్పు

హెమిలియా వాస్టాట్రిక్స్ అనే శిలీంధ్రానికి బతికున్న కాఫీ ఆకు తప్ప వేరే తిండి లేదు. రాలి ఎండిన ఆకు మీద అది పెరగదు. మట్టిలో పెరగదు. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో చక్కెరా ఉప్పులూ కలిపి పెట్టినా పెరగదు. కాఫీ ఆకులోకి చొరబడ్డాక కూడా దాన్ని వెంటనే చంపదు. ఆకు కణాలను బతకనిస్తూనే, వాటి లోపలి నుంచి కొద్దికొద్దిగా ఆహారం లాక్కుంటూ వారాల తరబడి కాపురం చేస్తుంది. 1869లో సిలోన్‌లో (నేటి శ్రీలంకలో) బయటపడ్డ ఈ తుప్పు తెగులు ఇరవై ఏళ్లలో అక్కడి కాఫీ వ్యాపారాన్ని తుడిచిపెట్టేసింది. తోటల యజమానులు తెగులును పదేళ్లపాటు తేలిగ్గా తీసుకోవడం, ఎరువు మీద ఎరువు పోసినా ఫలితం దక్కకపోవడం, మందు దొరికేసరికి తోటలే మిగలకపోవడం – వీటన్నిటికీ మూలం ఆ శిలీంధ్రం తినే తీరులోనే ఉంది.

సిలోన్ కొండల్లో కాఫీ తోటల చరిత్ర అంతా కలిపి అరవై ఏళ్లే. డచ్చివాళ్ల కాలంలో తీర ప్రాంతంలోనూ, కొండ ఊళ్లలో పెరటి చెట్లుగానూ కాఫీ కొంత ఉండేది. ఎస్టేట్లు మాత్రం బ్రిటిష్‌వాళ్లు 1815లో క్యాండీ రాజ్యాన్ని కైవసం చేసుకున్న తర్వాతే మొదలయ్యాయి. 1820ల్లో గవర్నరుగా ఉన్న ఎడ్వర్డ్ బార్న్స్ కొలంబో నుంచి క్యాండీకి రోడ్డు వేయించాడు, కాఫీ ఎగుమతి మీద సుంకం ఎత్తేశాడు, పెరదేణియ దగ్గర తానే ఒక తోట నాటించాడు. 1830ల్లో వెస్టిండీస్‌లో బానిసత్వం రద్దయి అక్కడి కాఫీ దిగుబడి పడిపోయింది. 1835లో బ్రిటన్ సిలోన్ కాఫీకీ వెస్టిండీస్ కాఫీకీ ఒకే దిగుమతి సుంకం పెట్టింది. ఇక సైనికాధికారులు, జడ్జీలు, మతబోధకులు, ఉద్యోగులు అందరూ కొండల మీద పడ్డారు. 1840 నాటి ప్రభుత్వ భూముల చట్టం అడవినీ, రైతులు పోడు చేసుకునే నేలనూ ప్రభుత్వం పరం చేసి, తోటలకు అమ్ముకునే దారి తెరిచింది. జమైకాలో పని నేర్చుకొచ్చిన రాబర్ట్ బాయిడ్ టైట్లర్ లాంటివాళ్లు వరసల్లో నాటడం, కొమ్మలు కత్తిరించడం, గుజ్జు తీసే పద్ధతులు ప్రవేశపెట్టారు.

1847లో బ్రిటన్‌లో వచ్చిన ఆర్థిక సంక్షోభం ఆ జోరుకు ఒకసారి అడ్డుకట్ట వేసింది గానీ, 1850ల్లో తోటలు మళ్లీ పుంజుకున్నాయి. 1867లో కొలంబో నుంచి క్యాండీ దాకా రైలు వచ్చింది. 1870లో సిలోన్ 10 లక్షల హండ్రెడ్‌వెయిట్లకు పైగా, అంటే సుమారు 50 వేల టన్నుల కాఫీ ఎగుమతి చేసింది. 1870ల చివరికి 2,75,000 ఎకరాల దాకా కాఫీ కిందికి వచ్చింది. అడవిని నరికి, తగలబెట్టి, కొండకు కొండ నీడ చెట్టన్నది లేకుండా ఒకే పంట నాటారు. ఆ పని చేసిన చేతులు ఎక్కువగా దక్షిణ తమిళ జిల్లాల నుంచి వచ్చినవి. మద్రాసు ప్రెసిడెన్సీ పేదలు, కూలీలను సమకూర్చే కంగాణీల వెంట పడవల్లో మన్నారు తీరం చేరి, అడవి దారిన మాతలే, క్యాండీల దాకా నడిచేవారు. దారిలో కలరాతో, జ్వరాలతో, ఆకలితో పోయినవాళ్ల సంఖ్య చాలా పెద్దది. ఈ కాఫీ కథ ఎవరు చెప్పినా దొరల లాభనష్టాలతోనే మొదలుపెడతారు. ఆ నడక దారిని దాటేసి చెప్పే కథ సగమే అవుతుంది.

1869లో ద్వీపం తూర్పు భాగంలోని మాదుల్సీమ ప్రాంతపు తోటలో తెగులు మొదట కంటబడింది. ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే నూనె మరక లాంటి లేత పసుపు చుక్క కనిపిస్తుంది. కొద్ది రోజులకు అది వెడల్పై, అడుగు వైపున నారింజ రంగు పొడి లేస్తుంది. వేలితో రాస్తే పొడి చేతికి అంటుకుంటుంది. పెరదేణియ వృక్షోద్యానం డైరెక్టరు థ్వెయిట్స్ ఆ ఆకులను ఇంగ్లండులో శిలీంధ్రాల నిపుణుడైన మైల్స్ జోసెఫ్ బర్క్‌లీకి పంపాడు. పొడిలోని ఒక్కో సిద్ధబీజం నారింజ తొన ఆకారంలో ఉంది. వీపు మీద మొటిమలు, కడుపు వైపు నునుపు. అంతకుముందు చూసిన ఏ తుప్పు శిలీంధ్రానికీ ఇలాంటి బీజం లేదు. కొత్త ప్రజాతిగా పేరు పెట్టి, అదే ఏడాది నవంబరులో గార్డెనర్స్ క్రానికల్ పత్రికలో బర్క్‌లీ దీన్ని ప్రకటించాడు. ఇది తోటలకు పెద్ద చేటు తెస్తుందని థ్వెయిట్స్ మొదట్లోనే భయపడ్డాడు. ఐదేళ్లు తిరక్కుండానే ద్వీపంలో తుప్పు లేని కాఫీ ప్రాంతమంటూ మిగల్లేదు. దక్షిణ భారతదేశపు కాఫీ కొండలకూ అది దాదాపు అదే సమయంలో చేరింది.

అయినా తోటల యజమానుల్లో చాలామందికి అది ప్రాణం తీసే తెగులులా కనిపించలేదు. వాళ్ల కళ్ల ముందు చెట్టు చావడం లేదు మరి. ఆకులు రాలుతున్నాయి, వానలు పడగానే కొత్త ఆకులు వస్తున్నాయి. ఒక ఏడాది కాపు తగ్గితే మరుసటి ఏడాది కాస్త పెరుగుతోంది. ఈ ఎగుడుదిగుళ్ల కింద అసలు దిగుబడి జారిపోతూనే ఉంది: తెగులుకు ముందు ఎకరానికి సుమారు నాలుగున్నర హండ్రెడ్‌వెయిట్లు వచ్చిన కాఫీ, పదేళ్లలో రెండింటి దరిదాపులకు దిగింది. సరిగ్గా అదే సమయంలో ప్రపంచ మార్కెట్లో కాఫీ ధర బాగా పెరగడంతో తగ్గిన గింజలకు ఎక్కువ డబ్బు వచ్చింది. నష్టం లెక్కల్లో కనిపించలేదు. పైగా ఆ డబ్బుతో ఇంకా ఎత్తయిన కొండల మీద అడవి కొట్టి కొత్త తోటలు నాటారు. శిలీంధ్రానికి దొరికిన కొత్త మేత అది.

చెట్టు నీరసించడం వల్లే బూజు పట్టిందని, బూజు వల్ల చెట్టు నీరసించలేదని అప్పట్లో తోటల్లో గట్టి నమ్మకం. నేల సారం తగ్గిందనీ, వానలు గతి తప్పాయనీ, చెట్టు ముసలిదైందనీ రకరకాల కారణాలు చెప్పుకున్నారు. కారణం అదే అయితే మందు ఎరువే. పశువుల ఎరువు, ఎముకల పొడి, తెలగపిండి చెట్ల మొదళ్లలో గుమ్మరించారు. చెట్లు నిజంగానే ఏపుగా చిగిర్చాయి. ఆ చిగుళ్ల మీదా తుప్పు పట్టింది. చచ్చిన దాన్ని తినే బూజుకు బలహీనమైన చెట్టు అనుకూలం కావచ్చు; బతికున్న కణంలోంచే తినే దానికి ఆరోగ్యంగా ఉన్న లేత ఆకు కంటే మంచి చోటు లేదు. ఈ తేడా 1870ల్లో సిలోన్‌లో ఎవరికీ తెలియదు. ఐరోపాలో అప్పుడప్పుడే తెలుస్తోంది.

ఐరోపాలో ఈ వాదన బంగాళాదుంప మీద జరిగింది. 1845లో ఐర్లండు దుంపలు కుళ్లిపోయినప్పుడు, కుళ్లుకు కారణం ఆకుల మీది సన్నటి బూజేనని వాదించిన కొద్దిమందిలో ఈ బర్క్‌లీ ఒకడు. ఎక్కువమంది పండితులు బూజు కుళ్లు వల్ల పుట్టిందన్నారు. 1861లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆంటన్ డి బారీ ఆ బూజు బీజాలను ఆరోగ్యంగా ఉన్న ఆకుల మీద వేసి, అవే తెగులు తెస్తాయని నిరూపించాడు. 1863లో పరాన్నజీవి శిలీంధ్రాలు ఆకు కణాల్లోకి చొప్పించే చిన్న కాడలను వర్ణించి, వాటికి హాస్టోరియాలు అని పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో వీటినే చూషకాలు అంటారు. బయటి నుంచి అంటుకునేదే తప్ప, శిలీంధ్రం చెట్టు నీరసంలోంచి పుట్టదని డి బారీ శిష్యవర్గం నమ్మింది. ఆ ఆలోచన కొలంబో ఓడరేవుకు చేరడానికి మరో పదిహేడేళ్లు పట్టింది.

1879లో పెరదేణియ సహాయ డైరెక్టరు డేనియల్ మోరిస్ గంధకమూ సున్నమూ కలిపిన పొడిని చెట్ల మీద చల్లించి చూశాడు. బెరడు మీద పాకే సన్నటి దారాలను తుప్పు శిలీంధ్రపు భాగాలే అనుకుని, వాటిని బయటే చంపితే తెగులు ఆగుతుందని ఆశించాడు. ఆ ఏడాది ఆఖరుకే మోరిస్ జమైకాకు వెళ్లిపోయాడు. 1880 ఆరంభంలో తుప్పు పని మీదే రెండేళ్లకు ప్రభుత్వ శిలీంధ్ర నిపుణుడిగా హ్యారీ మార్షల్ వార్డ్ వచ్చాడు. కేంబ్రిడ్జిలో చదివి, జర్మనీలో జూలియస్ సాక్స్ దగ్గర పని నేర్చుకున్న పాతికేళ్ల యువకుడు.

వార్డ్ చేసిన పని ఇప్పటికీ మనసు పెట్టి చదవదగ్గది. బెరడు మీది దారాలు చచ్చిన దాన్ని తినే వేరే బూజులవనీ, వాటికీ తుప్పుకూ సంబంధం లేదనీ మొదట తేల్చాడు. తర్వాత ఆకు అడుగున గుర్తు పెట్టిన చోట్ల నీటి చుక్కలో సిద్ధబీజాలు ఉంచాడు. ఒక రోజు లోపలే బీజం మొలకెత్తి సన్నటి గొట్టం తీసింది. ఆ గొట్టం ఆకు చర్మం మీద పాకి, పత్రరంధ్రం దొరకగానే దాంట్లోంచి లోపలికి దిగింది. కాఫీ ఆకుకు పత్రరంధ్రాలు అడుగు వైపునే ఉంటాయి కాబట్టి పై వైపు పడ్డ బీజానికి దారి లేదు. రెండు వారాలు దాటాక సరిగ్గా గుర్తు పెట్టిన చోట్లే పసుపు మరకలు లేచాయి. బీజాలు వేయని చోట ఆకు పచ్చగానే ఉంది. గ్లిజరిన్ పూసిన గాజు పలకలను తోటల్లో వేలాడదీసి, గాలిలో కొట్టుకొచ్చే బీజాలను పట్టుకున్నాడు. నీరసం వల్ల తెగులు పుడుతుందన్న మాటకు ఇక చోటు లేకుండా పోయింది.

ఆకును అడ్డంగా పల్చటి పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు వార్డ్‌కు లోపలి దృశ్యం కనిపించింది. ఆకు కణాల మధ్య ఉండే గాలి సందుల్లో శిలీంధ్ర తంతువులు కొమ్మలు వేసుకుంటూ అల్లుకున్నాయి. ఆ తంతువుల నుంచి చిన్న కాడలు కణకవచాన్ని తొలుచుకుని లోపలికి వెళ్లి, కొస దగ్గర ఉబ్బి ఉన్నాయి. కాడ దూరిన కణం అప్పటికి చావలేదు. చాలా రోజుల తర్వాత దానిలోని పచ్చరేణువులు పాలిపోయి, లోపలి పదార్థం గోధుమ రంగుకు తిరిగింది. కాఫీ చెట్టు తన కోసం తయారు చేసుకున్న ఆహారం ఈ కాడల గుండా శిలీంధ్రానికి పోతోందని వార్డ్ చెప్పాడు. కాపు ఎందుకు పడిపోతోందో కూడా అక్కడి నుంచే వివరించాడు. చెట్టుకు ఆహారం తయారయ్యేది ఆకులో. ఆకు ముందే రాలితే, చెట్టు కొమ్మల్లో దాచుకున్న నిల్వను తీసి కొత్త ఆకు వేస్తుంది. దాన్నీ తుప్పు తింటుంది. గింజ కోసం మిగలాల్సింది మిగలదు. లేత కొమ్మలు ఎండుతాయి. పైకి చెట్టు బతికే ఉంటుంది.

వార్డ్ 1881లో ఇచ్చిన చివరి నివేదికలో అద్భుతమైన మందేమీ లేదు. గంధకం, సున్నం బీజం మొలకెత్తే వేళకు ఆకు మీద ఉంటే కొంత పని చేస్తాయనీ, శిలీంధ్రం లోపలికి దిగిన తర్వాత ఏదీ దాన్ని అందుకోలేదనీ చెప్పాడు. ఎరువు చెట్టుకు బలం ఇవ్వొచ్చు గానీ తెగులుకు మందు కాదన్నాడు. కొండలకు కొండలు ఒకే మొక్కతో నింపి, మధ్యలో గాలిని అడ్డే చెట్ల వరసైనా వదలకపోవడమే శిలీంధ్రానికి అంత బలం ఇచ్చిందని ఎత్తి చూపాడు. డబ్బు పెట్టి మందు కోసం ఎదురుచూసిన యజమానులకు ఇది నిరాశే మిగిల్చింది. కానీ ఆ నివేదికలో తప్పేమీ లేదు. కావాల్సిన మందు అప్పటికి పుట్టలేదు, అంతే. 1885లో ఫ్రాన్సులో మిలార్డే ద్రాక్షకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని ప్రకటించాడు. తర్వాతి కాలంలో కాఫీ తుప్పుకు ప్రధాన మందు అదే అయింది. వానలకు ముందే, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. బీజం లోపలికి దిగకముందే దాన్ని చంపాలని వార్డ్ చెప్పిన సూత్రం మీదే అది పనిచేస్తుంది.

చూషకం లోపల ఏం జరుగుతుందో వార్డ్ చూడలేకపోయాడు. ఆ వివరం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాకే తెలిసింది. చూషకం కణకవచాన్ని తొలుస్తుంది గానీ, లోపలి ప్లాస్మా పొరను చింపదు. పొరను లోపలికి నెడుతుంది. పొర సాగి చూషకం చుట్టూ తొడుగులా ఏర్పడుతుంది. అంటే శిలీంధ్రం కణం గోడ లోపల ఉంటుంది, జీవపదార్థానికి బయట ఉంటుంది. రెండింటి మధ్య సన్నటి ఖాళీ, అందులో పల్చటి జిగురు ద్రవం. ఈ కొద్దిపాటి సందు గుండానే సరుకంతా చేతులు మారుతుంది.

ఆ బదిలీ ఎలా జరుగుతుందో బాగా తెలిసింది కాఫీ తుప్పు మీద కాదు, దాని బంధువైన చిక్కుడు జాతి తుప్పు మీద. జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ ఫోగెలె, కుర్ట్ మెండ్‌గెన్, వాళ్ల సహచరులు 2001లో ఒక చక్కెర వాహక ప్రోటీన్‌ను ప్రకటించారు. అది శిలీంధ్రపు మిగతా శరీరంలో ఎక్కడా లేదు; చూషకం పొర మీదే ఉంది. చూషకం తన పొర గుండా ప్రోటాన్లను బయటికి నెట్టి ఆ సందును ఆమ్లంగా మారుస్తుంది. ప్రోటాన్లు తిరిగి లోపలికి జారేటప్పుడు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అణువులను వెంట తెస్తాయి. మొక్క తన చక్కెరను ఎక్కువగా సుక్రోజ్ రూపంలో రవాణా చేస్తుంది. శిలీంధ్రం స్రవించే ఇన్వర్టేజ్ ఎంజైమ్ దాన్ని ముందుగా ఈ రెండుగా విరగ్గొడుతుంది. అమైనో ఆమ్లాలకు వేరే వాహకాలున్నాయి. లోపలికొచ్చిన చక్కెరలో చాలా భాగాన్ని తుప్పు మానిటాల్ వంటి చక్కెర ఆల్కహాళ్లుగా మార్చి దాచుకుంటుంది. అవి మొక్క సులువుగా వాడుకోలేని రూపాలు.

తిండి తీసుకోవడం చూషకం పనిలో సగమే. మిగతా సగం, ఆ కణాన్ని చావకుండా, తిరగబడకుండా ఉంచడం. అదే చూషకం గుండా శిలీంధ్రం చిన్న ప్రోటీన్లను కణంలోకి పంపి, మొక్క రక్షణ చర్యలను మొద్దుబారుస్తుంది. తుప్పు పట్టిన ఆకుల్లో మిగతా ఆకు పండిపోతున్నా మరక చుట్టూ కాస్త మేర పచ్చగా నిలబడటం చాలా జాతుల్లో కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల కణాల ముసలితనాన్ని శిలీంధ్రం వాయిదా వేయిస్తుంది, ఆకులోని చక్కెరను అటువైపు ప్రవహించేలా చేస్తుంది. కాపుకు పోవాల్సిన ఆహారం మరకకు పోతుంది. కోట్ల ఏళ్లుగా సిద్ధంగా దొరికే తిండికి అలవాటు పడిన జీవికి సొంతంగా వండుకునే శక్తి కూడా తగ్గింది. 2011లో గోధుమ కాండపు తుప్పు, పోప్లర్ తుప్పుల జన్యుపటాలు ప్రకటించినప్పుడు, నైట్రేట్‌ను నేరుగా వాడుకోవడానికి కావాల్సిన జన్యువులు వాటిలో లేవని బయటపడింది. ప్రయోగశాలలో ఆతిథేయి లేకుండా ఒక తుప్పు శిలీంధ్రాన్ని పెంచడం 1966లో సిడ్నీలో మొదటిసారి సాధ్యమైంది. అది గోధుమ కాండపు తుప్పు, అదీ చాలా నెమ్మదిగా. అందుకే ఈ జాతులను అవికల్ప పరాన్నజీవులు అంటారు.

తెగులు తెచ్చే శిలీంధ్రాలన్నీ ఇలా తినవు. సిలోన్ నుంచి తిరిగి వెళ్లాక వార్డ్ 1888లో లిల్లీ మొక్కల తెగులు మీద రాసిన పరిశోధనలో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతిని చూపించాడు. బోట్రైటిస్ ప్రజాతికి చెందిన ఆ బూజు తంతువు కొస నుంచి ఒక ఎంజైమ్ స్రవించి కణకవచాన్ని కరిగిస్తుంది, ముందు కణాలను చంపి, ఆ శవాన్ని తింటుంది. దానికి చచ్చిన మేత సరిపోతుంది కాబట్టి పోషకాలు కలిపిన నీళ్లలోనూ పెరుగుతుంది. ఈ రెంటికీ మధ్యన మరో దారి ఉంది. తెలుగు రైతు అగ్గి తెగులు అని పిలిచే వరి బ్లాస్ట్ శిలీంధ్రం ఆకు మీద అంటుకున్న చోట నల్లటి బుడగ ఒకటి కట్టి, అందులో దాదాపు 80 వాతావరణాల పీడనం పెంచి, ఆకు చర్మాన్ని పొడుచుకుని దిగుతుంది. మొదటి కొద్ది రోజులు కణాలను బతకనిచ్చి తింటుంది, ఆ తర్వాత చంపి తింటుంది. ఆకు మీద నూలుకండె ఆకారపు బూడిద రంగు మచ్చ కనిపించేసరికి రెండో దశ నడుస్తుంటుంది. కాఫీ తుప్పు ఈ దారి పట్టలేదు. అది చెట్టును నిలబెట్టి తిన్నది కాబట్టే సిలోన్ దొరలకు ప్రమాదం అంత ఆలస్యంగా అర్థమైంది.

అర్థమయ్యేసరికి ధర కూడా పడిపోయింది. 1870ల చివర్లో బ్రెజిల్ కాఫీ మార్కెట్‌ను ముంచెత్తింది, తగ్గిన దిగుబడిని కప్పే గొడుగు పోయింది. 1876–78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి బతుకు కోసం వచ్చిన వేలమంది, మూతపడుతున్న తోటల్లో చిక్కుకున్నారు. జీతాలు నెలల తరబడి బాకీ పడ్డాయి. తోటల యజమానులు ముందు సింకోనా వైపు పరుగెత్తారు. మలేరియా మందు క్వినైన్ దాని బెరడులోంచే వస్తుంది. అందరూ ఒకేసారి నాటడంతో కొద్ది ఏళ్లకే దాని ధర కుప్పకూలింది. 1884 మే నెలలో సిలోన్ తోటలకు పెట్టుబడి పెట్టిన ఓరియంటల్ బ్యాంక్ కార్పొరేషన్ తలుపులు మూసింది. జనం చేతుల్లోని దాని నోట్లకు గవర్నర్ ఆర్థర్ గోర్డన్ ప్రభుత్వ పూచీ ఇవ్వాల్సి వచ్చింది. 1890 నాటికి కాఫీ ఎగుమతి ఇరవై ఏళ్ల కిందటి దాంట్లో పదో వంతుకు చేరింది.

కాఫీ ఖాళీ చేసిన నేలలో తేయాకు పెరిగింది. 1867లోనే జేమ్స్ టేలర్ లూల్‌కొండెర ఎస్టేటులో 19 ఎకరాల్లో తేయాకు నాటాడు. 1875లో ద్వీపం మొత్తం మీద వెయ్యి ఎకరాలకు కాస్త ఎక్కువ ఉన్న తేయాకు, 1890ల మధ్యకు మూడు లక్షల ఎకరాలకు చేరింది. తేయాకులో కోసేది గింజ కాదు, చిగురు; ఏడాది పొడవునా కోయాలి. అప్పటి దాకా కోత కాలానికి వచ్చి వెళ్లే తమిళ కూలీలు తేయాకు తోటల లైన్ ఇళ్లలో కుటుంబాలతో స్థిరపడ్డారు. శ్రీలంక మలైయహ తమిళుల సమాజం ఆ స్థిరనివాసంలోంచి వచ్చింది. సిలోన్ తుప్పు వల్లే ఇంగ్లిషువాళ్లు కాఫీ మాని టీ తాగడం నేర్చుకున్నారని తరచూ రాస్తుంటారు. అది సరికాదు. ఇంగ్లండు అంతకు నూరేళ్ల ముందు నుంచే టీ తాగే దేశం. తుప్పు మార్చింది తాగేవాళ్ల అలవాటును కాదు, పండించేవాళ్ల జీవితాన్ని.

కాఫీ పూర్తిగా పోకుండా నిలబడిన చోటు దక్షిణ భారతదేశం. మైసూరు, కూర్గు తోటల్లో కాఫీని పెద్ద చెట్ల నీడలో పెంచేవారు. తుప్పు అక్కడా పట్టింది గానీ తోటలను ఊడ్చేయలేదు. 1911లో మైసూరు రాజ్యంలో ఎల్. పి. కెంట్ అనే తోట యజమాని తన ఎస్టేటులో తుప్పు అంటని ఒక చెట్టును గుర్తించి, దాని గింజలతో తోట వేశాడు. కెంట్స్ రకం కొన్నేళ్లు బాగా నిలబడింది, తర్వాత దానికీ తుప్పు అంటింది. 1925లో చిక్కమగళూరు జిల్లా బాళెహొన్నూరులో కాఫీ పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడ డబ్ల్యూ. డబ్ల్యూ. మేన్ 1930ల ఆరంభంలో, తుప్పు శిలీంధ్రంలో చూడటానికి ఒకేలా ఉన్నా వేరువేరు కాఫీ రకాలకు అంటుకునే వేరువేరు తెగలు ఉన్నాయని చూపించాడు. కెంట్స్‌ను పడగొట్టింది అలాంటి కొత్త తెగే.

రకం తట్టుకోవడం, తట్టుకోలేకపోవడం కూడా తిండి లెక్కే. ఈ సంగతి మొదట పసిగట్టిన వాళ్లలోనూ వార్డ్ ఉన్నాడు. 1902లో బ్రోమస్ గడ్డి మీది తుప్పును పరిశీలిస్తూ, తెగులు అంటని మొక్కలో శిలీంధ్రం చొరబడిన చోటి కణాలు చాలా త్వరగా చచ్చిపోతున్నాయని గమనించాడు. 1915లో అమెరికాలో ఎల్విన్ స్టాక్‌మన్ దీన్ని గోధుమ తుప్పులో వివరంగా చూపించాడు. చూషకం దిగగానే మొక్క ఆ శత్రువును గుర్తుపట్టి, తన కణాన్ని తానే చంపుకుంటుంది. బతికున్న కణం తప్ప వేరే తిండి లేని శిలీంధ్రం ఆ శవంలో ఆకలికి మాడిపోతుంది. ఆకు మీద సూదిమొన అంత గోధుమ చుక్క మిగులుతుంది. అగ్గి తెగులు లాంటి వాటి మీద ఈ ఎత్తు ఆరంభ దశలోనే పారుతుంది; బోట్రైటిస్‌కైతే కణాన్ని చంపి పెట్టడం దానికి విందు వడ్డించడమే. కాఫీ తుప్పు చొప్పించే ప్రోటీన్లలో కొద్ది మార్పు వస్తే మొక్క దాన్ని గుర్తుపట్టలేదు, తట్టుకునే రకం మళ్లీ తుప్పుకు లొంగుతుంది. కెంట్స్ విషయంలో జరిగింది ఇదే.

బాళెహొన్నూరులో 1940ల్లో సిద్ధమైన సెలెక్షన్ 795 రకంలో కెంట్స్‌తో పాటు లైబీరికా కాఫీ నుంచి వచ్చిన నిరోధక జన్యువు ఉంది. అది చాలా కాలం దక్షిణ భారత తోటలకు ఆధారంగా నిలిచింది. 1927 ప్రాంతంలో టిమోర్ దీవిలో అరబికా, రోబస్టాలు సహజంగా కలిసి పుట్టిన ఒక చెట్టు దొరికింది. 1955లో పోర్చుగల్‌లోని ఓయిరాస్‌లో తుప్పు కోసమే ఏర్పాటైన పరిశోధన కేంద్రం ఆ సంకరాన్ని, తుప్పు తెగలను ప్రపంచం నలుమూలల నుంచి తెప్పించి పరీక్షించింది. 1970లో తుప్పు బ్రెజిల్‌లోని బహియాలో కనిపించింది. 1983లో కొలంబియా చేరింది. 2012లో మధ్య అమెరికా అంతటా ఒక్కసారిగా చెలరేగి, మరుసటి ఏడాది గ్వాటెమాల అత్యవసర పరిస్థితి ప్రకటించేదాకా వెళ్లింది.

తూర్పు కనుమల్లో అరకు, పాడేరు కొండల మీద గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగల పక్కన పెంచేది కూడా అరబికాయే. అదే తుప్పుకు ఆహారమయ్యే జాతి. అక్కడి తోటల్లోనూ సెలెక్షన్ 795 ఉంది, టిమోర్ సంకరం నుంచి 2007లో విడుదలైన చంద్రగిరి ఉంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కాఫీని చాలా వరకు సేంద్రియంగానే పండిస్తారు. తుప్పు ఉన్న చోట తొలకరికి ముందు, మళ్లీ వానలు తగ్గాక ఆకు అడుగు తడిసేలా బోర్డో మిశ్రమం పిచికారీ చేయమని, దట్టమైన నీడ కొమ్మలను కత్తిరించి గాలీ వెలుతురూ ఆడనివ్వమని, పట్టిన తుప్పును చూసి ఆ ఏడాది ఎరువు మానకుండా చెట్టుకు నిల్వ పెరగనివ్వమని సలహా ఇస్తారు. నీరు నిలిచిన ఆకు మీదే బీజం మొలకెత్తుతుంది కాబట్టి, ఉదయం మంచు త్వరగా ఆరిపోయే తోటలో తుప్పు తక్కువ.